నేను బయటున్నానని చెప్పిన రోజులు

మా ఇంట్లో బయటున్న ఆడవాళ్ళకి వేరే కంచం ఉంది. అంచు దగ్గర సొట్టపోయిన స్టీలు కంచం. నెలసరి వచ్చిన దగ్గర్నుంచి నాలుగో రోజు తలస్నానం చేసేదాకా ఆ కంచం, ఒక గ్లాసు, ఒక చాప, ఒక దుప్పటి తీసుకుని పెరటి వసారాలో ఉండాలి. వంటింట్లోకి రాకూడదు, దేవుడి అలమర వైపు వెళ్ళకూడదు, పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డ మీద నీడ కూడా పడనివ్వకూడదు. బయటుండడం అంటే అది. అమ్మ ఉంది, అక్క ఉంది, పన్నెండేళ్ళుగా నేనూ ఉన్నాను. చదువుకున్నాక దీన్ని ఎదిరించాలని డైరీలో చాలాసార్లు రాసుకున్నాను. ఎదిరించలేదు. కిందటి చలికాలంలో అయితే, రాని నెలసరి వచ్చిందని అబద్ధం చెప్పి, ఆ కంచం నేనే అడిగి తీసుకుని వసారాలోకి వెళ్ళాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆ రోజుల డైరీ ఇప్పుడు ముందు పెట్టుకుని రాస్తున్నాను. చదువుతుంటే కోపం రావడం లేదు, సిగ్గు కూడా రావడం లేదు. అలసట మాత్రం వస్తోంది. ఆ అక్షరాలు రాసిన చెయ్యి ఎంత అలిసిపోయి ఉందో నాకే కనబడుతోంది.

మా ఇల్లు అనకాపల్లిలో, బెల్లం మార్కెట్టుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. నాన్న అక్కడ కాటా దగ్గర పని చేస్తాడు. సీజనులో తెల్లారకుండా వెళ్ళి, చొక్కా నిండా బెల్లం వాసనతో వచ్చి, అన్నం తిని పడుకుంటాడు. ఇంట్లో ఏం జరిగినా ఆయనకి తెలిసేసరికి అది అయిపోయి ఉంటుంది. నేను తుమ్మపాల దారిలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతాను. ఎక్కువ మాట్లాడను. స్టాఫ్ రూంలో నన్ను మూగ టీచరమ్మ అంటారు. నా ముందే అంటారు. నేను నవ్వేస్తాను.

అతను పాఠ్యపుస్తకాల కంపెనీ తరఫున స్కూళ్ళు తిరిగేవాడు. ఒకసారి నా బల్ల మీద సగం చదివిన నవల చూసి, మరుసటి నెల ఇంకో నవల తెచ్చిచ్చాడు. ఆ తరవాత ఇంకోటి. ఏడాదిపాటు మా మధ్య పుస్తకాలే నడిచాయి. తనకి నచ్చిన వాక్యం పక్కన పెన్సిలుతో సన్నటి చుక్క పెట్టేవాడు. నేను ఆ చుక్కల కోసం చదివేదాన్ని. ప్రేమ అంటే అంతకు మించి నాకు తెలియదు.

కార్తీకమాసంలో ఒక శనివారం మధ్యాహ్నం, ఇంట్లో ట్రైనింగని చెప్పి, గాజువాకలో అతని స్నేహితుడి గదికి వెళ్ళాను. ఎవరూ బలవంతపెట్టలేదు. నాకు ఇరవై ఐదేళ్ళు, నా ఇష్టంతోనే వెళ్ళాను. అతను కండోమ్ వాడాడు. మొదటినుంచి చివరిదాకా ఉంది. చిరగలేదు, జారలేదు. తీసి కాగితంలో చుడుతుంటే నేను చూశాను. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ తరవాత ఆరేడు వారాలు నా తలలో తిరిగింది ఈ నాలుగు మాటలే. చూశానా? సరిగ్గా చూశానా? గదిలో వెలుతురు ఉందా? కిటికీ తెర వేసి ఉంది కదా?

బస్సెక్కించే ముందు అతను నా మొహం చూసి, "ఏటి, అంత దిగులు? నాకిది కొత్తేటి కాదు, జాగర్తగానే ఉంటాను" అన్నాడు. ధైర్యం చెబుదామనే అన్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు ఆ మాటలో కొత్త కాదన్న ముక్క ఒక్కటే వినబడింది.

పన్నెండో రోజున అక్కకి ఆడపిల్ల పుట్టింది. అక్క అత్తవారిది మాకవరపాలెం. మొదటి కాన్పు కనక మా ఇంటికే వచ్చింది. ఆ నాలుగు రోజులూ ఆసుపత్రికి క్యారేజీలు మోయడంతో నాకు వేరే ఆలోచన లేదు. పదిహేడో రోజున జ్వరం వచ్చింది. గొంతు నొప్పి, నాలుక కింద చిన్న పుండు. నా క్లాసులో సగం మంది పిల్లలు అప్పుడు జ్వరాలతో మూలుగుతున్నారు, ఆ సంగతి అదే పేజీలో రాసుకున్నాను కూడా. కానీ మధ్యాహ్నం పడుకుని ఫోనులో వెతికితే ఒక జాబితా వచ్చింది. జ్వరం, గొంతు నొప్పి, నోటిపూత, నీరసం. సంబంధం జరిగిన రెండు నుంచి నాలుగు వారాల్లో. నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. పేజీ చివర చిన్న అక్షరాలతో రాశాను: "నాకు హెచ్‌ఐవి వచ్చింది." వచ్చిందేమో అని రాయలేదు. వచ్చింది అనే రాశాను.

అతనికి మెసేజ్ పెట్టాను. "నువ్వెప్పుడైనా ఆ రక్తపరీక్ష చేయించుకున్నావా?" చాలాసేపటికి జవాబు వచ్చింది. "నన్నేటనుకుంటన్నావు నువ్వు?" దాని కింద నేను ఏదో రాస్తుండగానే అతని ఫోటో మాయమైపోయింది, నన్ను బ్లాక్ చేశాడు. ఆ తరవాత మా స్కూలుకి కంపెనీ తరఫున వేరే మనిషి రావడం మొదలుపెట్టాడు.

మా స్కూలు గోడ మీద ఒక పోస్టరు ఉంది. తాకితే రాదు, కలిసి తింటే రాదు, దోమ కుడితే రాదు అని బొమ్మలతో ఉంటుంది. దాన్ని పిల్లల చేత బిగ్గరగా చదివించింది నేనే. పరీక్షలో ఎవరైనా అడిగితే నూటికి నూరు తెచ్చుకుంటాను. కానీ ఆ పోస్టరు ఎవరో వేరేవాళ్ళ కోసం అంటించినట్టుండేది. ఇంట్లో పదిరోజుల బిడ్డ ఉంది. గుప్పెట్లో పట్టేంత తల, మూసుకోని నడినెత్తి. ఆ తల ముందు పోస్టరు మీద మాటలు నిలబడలేదు.

పురుడు పోసే రోజు, పదకొండో రోజు ఉదయం, అక్క అత్తగారు, చుట్టాలు వచ్చారు. అమ్మ నన్ను పిలిచి, "బేగి స్నానం సేసి రావే. పాపని ముందు నీ ఒళ్ళోనే పడుకోబెడతాను. పిన్నివి గదా" అంది.

"నేను బయటున్నానమ్మా" అన్నాను.

అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

"ఇప్పుడేటే? మొన్ననే గదా అయ్యింది!"

"ముందొచ్చేసింది."

"నీకూ మంచీ సెడ్డా నేదు, దానికీ నేదు. సరే, ఎనక్కెల్లు. పాప మీద నీడ పడనీకు."

కంచం పట్టుకుని వసారాలోకి వెళ్ళి చాప పరుచుకుని కూర్చున్నాను. అప్పుడు నాకు కలిగిన నిశ్చింత ఇప్పటికీ గుర్తుంది. నన్ను ఇంట్లోంచి దూరం పెట్టడానికి మా ఇంట్లోనే ఏర్పాటు సిద్ధంగా ఉంది. ఎవరూ ఎందుకని అడగరు. పైగా దూరం పెట్టినందుకు నేను మంచిపిల్లనవుతాను.

నాలుగు రోజులు అక్కడున్నాను. స్కూలుకి వెళ్ళి రావడం, వసారాలో కూర్చోవడం. నా సబ్బు వేరే, బకెట్టు వేరే. బ్రష్షు పాలిథిన్ కవర్లో కట్టి పుస్తకాల వెనక దాచాను. వసారాలోకి అక్క గది కిటికీ ఒకటి ఉంది. అక్క దాన్ని కొంచెం తెరిచి పిలిచేది.

"ఒలే, కిటికీలోంచైనా సూడవే. నీ ముక్కే వచ్చిందంట, మా అత్త సెప్పింది."

"నా ముక్కెందుకే, పాపం."

"అవునే, సప్పిడి ముక్కు. అందుకే రోజూ అలగేడుత్తంది."

నేను నవ్వి, తల అటు తిప్పుకునేదాన్ని. గాలి వల్ల కూడా ఏమైనా వెళుతుందేమోనని కాదు. చూస్తే ఎత్తుకోవాలనిపిస్తుందని.

నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి వెళ్ళక తప్పలేదు. ఆ తరవాతి వారమంతా సాకులతో గడిచింది. చేతులకి సుద్దపొడి. జలుబు. నూనె చేతులు. అక్క ఒకసారి జడ వేసుకుంటూ, పాపని నా ముందుకి చాపి, "పట్టుకోవే రెండు నిమసాలు. బరువేటీ నేదు" అంది. "గిన్నె పొయ్యి మీద ఉంది" అని వంటింట్లోకి పారిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. అక్క ఆ రోజు సాయంత్రం నాతో మాట్లాడలేదు. మర్నాడు మెల్లగా, "ఆడపిల్లని నీకూ నచ్చనేదేటే?" అని అడిగింది. ఆ మాట తరవాత ఆ ఇంట్లో ఎలా ఉండాలో తెలియలేదు. రెండోసారి బయటున్నానని చెప్పాను.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏటి, మళ్ళీయా?"

ఈసారి నాలుగో రోజు దాటినా ఇంకా ఆగలేదని చెబుతూ వచ్చాను. ఆ రోజు నుంచి డైరీలో కూరల పేర్లు కనబడతాయి. నాకు రాయడానికి వేరే ఏమీ మిగలలేదు కనక అవే రాసుకున్నాను. సోమవారం అరటిపువ్వు కూర. బుధవారం అరటిపువ్వు, పెసరపప్పు. గురువారం అరటిపువ్వు వడలు. నెలసరి ఎక్కువగా పోయే ఆడవాళ్ళకి అరటిపువ్వు మంచిదంటారు. అమ్మ బాలింతకి పథ్యం వండి, పాపకి నీళ్ళు పోసి, ఆ పైన వేళ్ళు నల్లబడేలా అరటిపువ్వు ఒలిచేది. నాకు కంచంలో వేసి, దూరంగా నిలబడి, తిన్నదాకా చూసేది. నూకాలమ్మకి మొక్కానని కూడా చెప్పింది.

రెండో వారంలో కూరలు మారాయి. అప్పుడు నేను గమనించలేదు. ఊరికే రాసుకున్నాను. "ఈవేళ బొప్పాయి ముక్కలు పెట్టింది. తియ్యగా ఉన్నాయి. అమ్మ ఎందుకో మాట్లాడ్డం లేదు." మర్నాడు: "మళ్ళీ బొప్పాయి. నువ్వుల ఉండలు. వేడి చేస్తుందంటే తినమంది." ఆ మర్నాడు: "అమ్మ నా సంచి సర్దింది."

అది జరిగిన మూడో రోజు పొద్దున్న అమ్మ వసారా గడప దగ్గర కూర్చుని, నా వైపు చూడకుండా, "రేపు స్కూలుకి సెలవెట్టు. డాక్టరమ్మ దగ్గరికి ఎల్దాం" అంది.

"ఎందుకమ్మా, తగ్గిపోతుందిలే."

"ఏటి తగ్గిపోద్ది?" అంది అమ్మ. నేను కంచం కడగడానికి లేచాను. తను మళ్ళీ అడగలేదు.

డాక్టరమ్మ దగ్గర చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అమ్మ నాకంటే ముందు లోపలికి వెళ్ళి ఏదో మాట్లాడి బయటికొచ్చింది. నర్సు నా చేతికి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. అదెందుకో నేను అడగలేదు. నాకు కావలసింది రక్తపరీక్ష, అది ఎలా అడగాలా అని ఆలోచిస్తూ ఆవిడ చెప్పింది చేశాను.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. ఆవిడ కూడా బాగా అలిసిపోయి ఉంది.

"నెగెటివే. కడుపేం లేదు" అంది.

నాకు అర్థం కాలేదు. "కడుపేంటండి?"

"మీ అమ్మగారు నన్నడిగింది అదే కదా. నెల తప్పిందని దాచి, బయటున్నానని అబద్ధమాడుతోందేమో చూడండమ్మా అంది. నీ సంచిలో ప్యాడ్ల ప్యాకెట్టు కట్టు కూడా విప్పలేదట."

బొప్పాయి ముక్కలు, నువ్వుల ఉండలు అప్పుడు అర్థమయ్యాయి. మా అమ్మ నేను నెల తప్పాననుకుంది. ఆగిపోయినదాన్ని తిండితో రప్పించాలని చూసింది. నాకేమో ఆ భయం ఒక్కసారైనా తగల్లేదు. గాజువాక నుంచి వచ్చిన వారానికే నెలసరి వచ్చింది కూడా. తరవాతది వారం పది రోజులు వెనకపడితే అది కూడా ఆ జబ్బు లక్షణమేనని రాసుకున్నాను. ఒకే ఇంట్లో ఒకే మనిషి గురించి మేమిద్దరం ఇన్ని రోజులూ వేరువేరు భయాలు పడ్డాం.

ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పాను. శనివారం, కండోమ్, జ్వరం, పుండు, అతని మెసేజ్, పాప. డాక్టరమ్మ మధ్యలో రెండే ప్రశ్నలు అడిగింది. చిరిగిందా? లేదు. ఇంకోసారి కలిశారా? లేదు.

"ఇప్పుడెన్ని రోజులైంది?"

"నలభై ఎనిమిది."

"గంటలు కూడా చెప్పగలవులా ఉంది" అని కొంచెం నవ్వింది. "చూడు, కండోమ్ సరిగ్గా ఉంటే ప్రమాదం చాలా తక్కువ. జ్వరం, నోటిపూత చూసి ఎవరూ ఆ జబ్బు చెప్పలేరు, నేను కూడా చెప్పలేను. పరీక్ష ఒక్కటే చెబుతుంది. నీ భయం తీరాలంటే చేయించుకో. ప్రభుత్వాసుపత్రిలో దానికి వేరే గది ఉంది. ఊరికే చేస్తారు, ఎవరికీ చెప్పరు. ఈ ల్యాబూ ఆ ల్యాబూ తిరక్కు."

తరవాత అమ్మని లోపలికి పిలిచింది. "కడుపూ లేదు, గర్భసంచికి జబ్బూ లేదు. పిల్లకి నిద్ర లేదు, రక్తం తక్కువగా ఉంది. బలానికి మాత్రలు రాశాను. ఆ బొప్పాయి మానెయ్యండి."

"పండు మంచిదని పెట్టేనండి" అంది అమ్మ, నేల చూస్తూ.

ఇంటికి నడిచే వచ్చాం. చెరుకు ట్రాక్టరు ఒకటి అడ్డంగా ఆగిపోయి దారి మూసుకుపోయింది. పక్కన నిలబడ్డప్పుడు అమ్మ అంది. "ప్యాకెట్టు అలాగే ఉంది. నాకు కళ్ళు నేవేటే?"

"తప్పైంది."

"ఎందుకు దాసేవు? వసారాలో ఏటుందని ఎల్లి కూకున్నావు?"

"భయమేసిందమ్మా. పాపకి నా వల్ల ఏమైనా అంటుకుంటుందేమోనని."

"నీకేటుందని అంటుకోడానికి?"

ట్రాక్టరు వాడు ఇంజను స్టార్టు చేశాడు. ఆ చప్పుడు మా మాటని అక్కడితో ఆపేసింది. ఇద్దరికీ అదే కావాలేమో. దారి తెరుచుకున్నాక అమ్మ నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, చిన్నపిల్లని దాటించినట్టు.

మర్నాడు స్కూలుకని బయల్దేరి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. ఆ గది బయట మొహానికి చున్నీ కప్పుకుని చాలాసేపు నిలబడ్డాను. తలుపు తీసే ఉంది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకే టిఫిన్ డబ్బాలోంచి పులిహోర తింటున్నారు. ఒకావిడ కౌన్సెలర్ మేడమ్. రెండో ఆవిడ వయసులో పెద్దది, చేతిలో ఫైళ్ళ సంచి ఉంది.

"ఎంతసేపు నిలబడతావమ్మా? రా, కూకో. తింటావేటి?" అంది పెద్దావిడ.

వద్దన్నాను. పెద్దావిడ డబ్బాలో మిగిలిన పల్లీలు ఏరుకుంటుంటే మేడమ్ ఆవిడ చెయ్యి నెట్టేసి, "అన్నీ నువ్వే తినేత్తన్నావు" అని తనో రెండు తీసుకుంది. ఆ తరవాత పెద్దావిడ డబ్బా కడగడానికి బయటికెళ్ళింది.

మేడమ్ నా సంగతంతా విని, కాగితం మీద ఒక గీత గీసింది. ఇక్కడ ఆ శనివారం, ఇక్కడ ఈరోజు, ఇక్కడ మూడు నెలలు. "ఈవేళ చేస్తే చాలావరకు తెలిసిపోతుంది. మూడు నెలలకి ఇంకోసారి చేస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అలాంటిది జరిగిన మూడు రోజుల్లోపు వచ్చేవాళ్ళకి అవసరమైతే మందు కూడా ఉంటుంది. నీ విషయంలో అదీ అవసరమనేవాళ్ళు కారేమో. కండోమ్ ఉంది, చిరగలేదు. అతనికి జబ్బుందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

"కొత్త కాదన్నాడు."

"కొత్త కానివాళ్ళందరికీ జబ్బుంటే ఈ గది సరిపోదమ్మా."

నేను పాప సంగతి చెప్పాను. సబ్బులూ, బకెట్టూ, రెండుసార్లు వసారా. మేడమ్ నవ్వలేదు. కలం కింద పెట్టింది.

"ఇప్పుడు నీకు జబ్బుందనే అనుకుందాం. ఉందమ్మా నీకు. అప్పుడు పాపని ఎత్తుకోవచ్చా?"

పోస్టరు గుర్తొచ్చింది. జవాబు తెలుసు, నోటికి రాలేదు.

పెద్దావిడ కడిగిన డబ్బాతో లోపలికొచ్చి, నా మాట విన్నట్టుంది, నా పక్కనే కూర్చుంది. "నాకుందమ్మా. నేనే సెప్తన్నాను, మేడమ్ ఎవర్దీ సెప్పదు. పద్నాలుగేళ్ళయ్యింది. మాత్రలేసుకుంటన్నాను. నా మనవరాలికి పుట్టిన కాడ్నుంచీ నీళ్ళు పోసింది నేనే. దాని ఎంగిలి నేను తిన్నాను, నా ఎంగిలి అది తింది. ఇప్పుడు రెండో తరగతి. రోజూ కొట్టుకుంటన్నాం."

ఇందాకటి పులిహోర డబ్బా బల్ల మీద తడిగా ఉంది. మేడమ్ మూత పెట్టి తన సంచిలో పెట్టుకుంది. డబ్బా మేడమ్‌ది.

రక్తం తీశారు. కొంతసేపు బయట బెంచీ మీద కూర్చోమన్నారు. ఆ సేపట్లో నేను మొక్కుకోలేదు, లెక్కపెట్టలేదు. నిద్రపోయాను. నిజంగానే, గోడకి తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోయాను. పెద్దావిడ తట్టి లేపింది. మేడమ్ తలుపు వేసి, కాగితం చూపించి, నెగెటివ్ అని చెప్పింది. మూడు నెలలకి రమ్మని తేదీ రాసిచ్చింది. నేను సరేనన్నాను. ఎగిరి గంతేస్తానని అనుకుని ఉంటారు. కాళ్ళు ఈడ్చుకుంటూ ఆటో ఎక్కాను.

ఇంటికొచ్చి సొట్ట కంచం కడిగి, అటక మీద దాని చోట పెట్టేశాను. మర్నాడు ఆదివారం. అమ్మ పెరట్లో పీట వేసుకుని పాపకి నీళ్ళు పోయడానికి అన్నీ సర్దుతోంది. నూనె గిన్నె, సున్నిపిండి, కాగిన నీళ్ళు, చన్నీళ్ళు.

"నేను పోస్తానమ్మా" అన్నాను.

"నీకు సేతనవుద్దేటే?"

"నువ్వు పక్కనుండి చెప్పు."

అమ్మ నా మొహం చూసింది. ఏం చూసిందో తెలియదు. పీట మీంచి లేచింది. నేను కూర్చుని కాళ్ళు చాపాను. గదిలోంచి అక్క, "ఏటీ, ఈవేళ సూరీడు ఎటు పొడిసేడు?" అని కేకేసింది. పాపని తీసుకునే ముందు నా చేతులు చూసుకున్నాను. నెల రోజులు రోజుకి పదిసార్లు తోమి తోమి చర్మం తెల్లగా పగిలిపోయి ఉంది. వేలి కణుపు దగ్గర ఒక పగులు ఎర్రగా ఉంది. మూడు నెలల కాగితం ఇంకా రాలేదు. చెయ్యి వెనక్కి పోయింది. పోయిన మాట నిజం.

అమ్మ కూడా ఆ చేతులే చూసింది. "ఇయ్యేటి, సేతులా, గరుకురాళ్ళా? పాప సర్మం గీరుకుపోద్ది" అని, పాప కోసం కాచిన నూనె గిన్నెలో వేళ్ళు ముంచి, ముందు నా చేతులకి రాసింది. అరచేతులు, వేళ్ళ సందులు, ఆ పగులు మీద కూడా. గట్టిగా, కోపంగా రాసింది. రాస్తూ, "నాకేటీ సెప్పక్కర్నేదు. తిండి తిను, పడుకో" అంది.

తరవాత పాపని నా కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టింది. అంత చిన్న ఒంట్లో అంత వేడి ఉంటుందని నాకు తెలియదు. నేను నీళ్ళు పోశాను. పాప ముందు ఉలిక్కిపడి, తరవాత ఏడ్చి, ఆ తరవాత నా కాళ్ళ మీదే ఉచ్చపోసింది. గడపలో నిలబడ్డ అక్క నవ్వి నవ్వి కుట్లు నొప్పెడుతున్నాయంది.

నిజంగా బయటున్న రోజులు తప్ప, ఆ రోజు నుంచి పాప నీళ్ళు నావే. స్కూలున్న రోజుల్లో పొద్దున్నే లేచి పోసి వెళ్ళేదాన్ని. భయం పూర్తిగా పోలేదు. నీళ్ళు పోస్తుండగా ఒక్కోసారి శనివారం, కిటికీ తెర, కాగితం చుట్ట గుర్తొచ్చేవి. అప్పుడు పద్నాలుగేళ్ళుగా మాత్రలేసుకుంటున్న ఆ పెద్దావిడని గుర్తు చేసుకుని, చెంబు పక్కన పెట్టకుండా పోసేదాన్ని.

మూడో నెలలో అక్క పాపతో మాకవరపాలెం వెళ్ళిపోయింది. ఆ తరవాత వారానికి నా తేదీ వచ్చింది. ఈసారి చున్నీ కప్పుకోలేదు, మొహం ఎర్రబడిన సంగతి వేరే. మేడమ్ కాగితం చూపించింది. నెగెటివ్. ఇక రానక్కర్లేదంది. పెద్దావిడ ఫైళ్ళు సర్దుకుంటూ, "పాపెలగుంది?" అని అడిగింది.

"వాళ్ళ ఊరెళ్ళిపోయిందండి."

"ఎత్తుకున్నావా?"

"నీళ్ళు పోశాను."

ఆవిడ తల ఊపి, మళ్ళీ ఫైళ్ళలో పడింది.

ఆ నెల చివర్లో నెలసరి వచ్చింది. వంటింటి గడప ఇవతల నిలబడి, "అమ్మా, బయటున్నాను" అన్నాను. అమ్మ పప్పు కలుపుతూ తలెత్తి చూసింది.

"నిజంగానేనా?"

"నిజంగానే."

అటక మీది కంచం కోసం నేను చెయ్యి చాపాను. అమ్మ గరిటెతోనే వద్దని సైగ చేసింది.

"వసారాలోకి ఎండొచ్చేత్తంది. పాప కూడా నేదు గదా. లోపలే తిను."

మామూలు కంచం ఇచ్చింది. దేవుడి అలమర వైపు మాత్రం వెళ్ళొద్దంది. నేను గోడకి ఆనుకుని కూర్చుని తిన్నాను. ఆ రోజు డైరీలో కూర పేరు రాయలేదు. బాగా నిద్రొచ్చింది, పడుకున్నాను.